చూడని రోగికి నిదానము

రోగిని పరీక్షించుటకు ఆయుర్వేద గ్రంథములు మూడు మార్గములను చెప్పినవి. కన్నులతో చూచుట మొదటిది. చేతితో తాకి చూచుట రెండవది. రోగిని ప్రశ్నించి అతడు చెప్పునది వినుట మూడవది. దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని వీనికి పేర్లు. ఆధునిక వైద్యము రక్తపరీక్షలను, ఎక్స్‌రేలను, ఇంకను ఎన్నియో సాధనములను చేర్చుకొన్నది. అయినను రోగి మాట వినవలెననెడి నియమమును అది విడిచిపెట్టలేదు. రోగిని చూడకయే, ఇరుగుపొరుగువారి మాటలను బట్టి క్షయ యనియో కామెర్లనియో వ్రాసి యిచ్చు వైద్యుని వద్దకు ఎవరును పోరు.

శరీరము విషయమున అందరును ఒప్పుకొను ఈ నియమమును మనస్సు విషయమున జనులు సులభముగా మరచిపోవుదురు. ముఖమైన ఎరుగని ఒక వ్యక్తి ఫేస్‌బుక్కులో వ్రాసిన నాలుగు వాక్యములు చదివి, అతడు పెట్టిన రెండు ఫొటోలు చూచి, అతనికి ఫలానా మానసిక వ్యాధి కలదని తీర్పు చెప్పుట నేడు సర్వసామాన్యమైనది. పాఠశాల విద్యార్థులు కూడ తోటివారికి ఇట్టి వ్యాధుల పేర్లు తగిలించుచున్నారు. ఇది కొత్తగా పుట్టిన అలవాటు కాదు. దీని వెనుక సుమారు రెండువందల యేబది సంవత్సరముల చరిత్ర కలదు. ఆ చరిత్రలో శాస్త్రజ్ఞులు చేసిన పొరపాట్లును, వానిని దిద్దుకొనిన విధమును రెండును చూడదగినవే.

ముక్కును బట్టి మనిషి

ముఖలక్షణములను బట్టి మనిషి గుణములను చెప్పుట మన దేశమున సాముద్రికమను పేర ప్రాచీన కాలమునుండియు కలదు. ఐరోపాలో ఈ విద్యకు శాస్త్రమను గౌరవము తెచ్చినవాడు లవాటర్ అను స్విట్జర్లాండు దేశపు మతబోధకుడు. అతడు 1775 మొదలు 1778 వరకు నాలుగు పెద్ద సంపుటములను ప్రకటించెను. నుదురు, కన్నులు, ముక్కు, గడ్డము అనువాని రేఖలనుండి మనిషి స్వభావమును చదువవచ్చునని అతని వాదము. ఆ గ్రంథములు పలు భాషలలోనికి అనువాదమై ఇంటింట చేరినవి.

జర్మనీలో గాటింజెన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడైన లిహ్టెన్‌బెర్గ్ దీనిని తీవ్రముగ ఖండించెను. ఆయన గూనివాడు. రూపమును బట్టి గుణమును నిర్ణయించువారి చేతిలో తనవంటివారి గతి ఏమగునో ఆయన చక్కగ ఎరుగును. ఈ విద్యను జనులు నిజమని నమ్మినచో, నేరము చేయకమునుపే పిల్లలకు ఉరిశిక్షలు పడునని ఆయన హెచ్చరించెను.

ఈ విద్య వలన విజ్ఞానశాస్త్రమునకే ఒక గొప్ప నష్టము తృటిలో తప్పిపోయినది. 1831లో బీగిల్ అను ఓడ ప్రపంచయాత్రకు సిద్ధమగుచుండెను. కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ తనవెంట ఒక యువ ప్రకృతిశాస్త్రజ్ఞుని తీసికొనిపోదలచెను. చార్లెస్ డార్విన్ అను యువకుడు అతని యెదుటికి వచ్చెను. ఫిట్జ్‌రాయ్ లవాటర్ విద్యయందు గట్టి నమ్మకము కలవాడు. అట్టి ముక్కు గలవానికి దూరప్రయాణమునకు వలసిన ఉత్సాహము, పట్టుదల ఉండవేమోయని అతడు అనుమానించెను. డార్విన్ ఈ సంగతిని తన ఆత్మకథలో తరువాత చెప్పుకొనెను. ఫిట్జ్‌రాయ్ తన అనుమానమును ప్రక్కకు నెట్టి అతనితో ముఖాముఖి మాటలాడి, మనస్సు మార్చుకొనెను. ఆ ముక్కు గల యువకుడు దాదాపు అయిదేండ్లు సముద్రయానము చేసి, జీవపరిణామ సిద్ధాంతమునకు వలసిన ఆధారములను సేకరించి తెచ్చెను.

తరువాత పుఱ్ఱె వంతు వచ్చినది. వియన్నా నగరమున వైద్యుడైన గాల్, మెదడునందు 27 శక్తులకు 27 స్థానములు కలవనియు, పుఱ్ఱెమీది మిట్టపల్లములను తడిమి వానిని తెలిసికొనవచ్చుననియు బోధించెను. మెదడులో వేర్వేరు భాగములకు వేర్వేరు పనులు కలవను మాట తరువాతి పరిశోధనల వలన స్థిరపడినది. పుఱ్ఱెను తడిమి గుణమును చెప్పవచ్చుననుట మాత్రము పూర్తిగ తప్పని తేలినది. 1876లో ఇటలీ దేశపు వైద్యుడు లొంబ్రోసో, నేరస్థులు పుట్టుకతోనే వేరుజాతివారనియు, దవడలు, చెవులు మున్నగువానిని బట్టి వారిని గుర్తింపవచ్చుననియు వ్రాసెను. 1913లో ఇంగ్లండులో గోరింగ్ అను కారాగార వైద్యుడు సుమారు 3,000 మంది ఖైదీల కొలతలను తీసి, నేరము చేయనివారి కొలతలతో పోల్చి చూచెను. లొంబ్రోసో చెప్పిన ప్రత్యేక జాతి ఎచ్చటను కనబడలేదు.

ఈ ముగ్గురును మోసగాండ్రు కారు. తమకు అనుకూలమైన ఉదాహరణములను ఏరుకొని, ప్రతికూలమైనవానిని లెక్కింపకపోవుటయే వారి లోపము.

ముప్పదితొమ్మిది మందికి ఒకే చిత్రము

గుణవర్ణనములు తప్పైనప్పుడు జనులు వానినేల నమ్ముదురు? ఈ ప్రశ్నకు 1948లో అమెరికాలో ఫోరర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన తరగతిలోనే సమాధానము రాబట్టెను. ఆయన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, వారము రోజుల తరువాత ఒక్కొక్కరికి వారి వారి స్వభావవర్ణనమని చెప్పి ఒక కాగితమునిచ్చెను. అది తమకెంత సరిపోయినదో చెప్పుచు సున్న మొదలు అయిదు వరకు మార్కులు వేయుమనెను. సగటు మార్కు 4.26 వచ్చినది. అప్పుడాయన రహస్యము బయటపెట్టెను. అందరి కాగితములలోను ఉన్నది ఒకే వర్ణనము. అందలి వాక్యములను ఆయన అంగడిలో దొరకు జ్యోతిష పుస్తకమునుండి ఏరి కూర్చెను.

"పైకి ధైర్యముగ కనబడుదువు కాని లోన దిగులు పడుచుందువు" అనువంటి మాట ఎవరికి సరిపోదు? వర్ణనము ఎంత వదులుగ నుండిన అంతమందికి అతుకును. కావున విన్నవాడు ఔనన్నంత మాత్రమున నిదానము సరియైనదని చెప్పుటకు వీలులేదు. ఈ ప్రయోగమును ఏ ఉపాధ్యాయుడైనను తన తరగతిలో చేసి చూడవచ్చును.

1,189 మంది వైద్యుల తీర్పు

1964లో అమెరికా అధ్యక్ష పదవికి లిండన్ జాన్సన్‌తో పోటీ చేసినవాడు అరిజోనా రాష్ట్రపు సెనేటరు బారీ గోల్డ్‌వాటర్. అతని మాటలు కటువైనవి. అణ్వాయుధములను గూర్చి అతడు చెప్పిన మాటలు అనేకులకు భయము కలిగించినవి. అప్పుడు గింజ్‌బర్గ్ అను సంపాదకుడు నడపుచుండిన 'ఫాక్ట్' అను పత్రిక దేశమందలి 12,356 మంది మానసిక వైద్యులకు ఒక ప్రశ్నను పంపెను: గోల్డ్‌వాటర్ మానసికముగ అధ్యక్ష పదవికి తగినవాడా, కాడా?

2,417 మంది జవాబిచ్చిరి. వారిలో 1,189 మంది తగడనిరి. 657 మంది తగుననిరి. 571 మంది చెప్పుటకు చాలినంత తమకు తెలియదనిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు, అక్టోబరు నెలల సంచికలో 'ఫాక్ట్' ఈ ఫలితమును ప్రకటించి, 1,189 అను సంఖ్యను ముఖపత్రముమీదనే పెద్దగ అచ్చువేసెను. లోపల వైద్యులు వ్రాసిన జవాబులు పుటల కొలదిగ నుండెను. కొందరు అతనికి తీవ్రమైన మనోవ్యాధుల పేర్లు పెట్టిరి. కొందరు హిట్లరుతోను స్టాలినుతోను పోల్చిరి. వారెవరును గోల్డ్‌వాటర్‌ను పరీక్షించి ఆ మాట చెప్పినవారు కారు. పత్రికలో చదివినది, టెలివిజనులో చూచినది తప్ప వారికి వేరు ఆధారము లేదు.

ఇచ్చట లెక్క తెలిసిన విద్యార్థి ఒక క్షణమాగి చూడవలెను. ప్రశ్న అందినవారిలో 9,939 మంది జవాబే ఇయ్యలేదు. జవాబిచ్చినవారు అయిదింట ఒకవంతుకు కొంచెము తక్కువ. తగడన్నవారు మొత్తములో పదింట ఒకవంతు కూడ లేరు. తీవ్రమైన అభిప్రాయము కలవారే కలము పట్టుదురనుట లోకానుభవము. అయినను ముఖపత్రము చూచినవారికి వైద్యలోకమంతయు తీర్పు చెప్పినట్లే తోచెను.

నవంబరులో జాన్సన్ మిక్కిలి ఆధిక్యముతో గెలిచెను. గోల్డ్‌వాటర్ పత్రికపై పరువునష్టపు దావా వేసెను. 1968లో జ్యూరీ అతని పక్షమున తీర్పు చెప్పెను. అతనికి కలిగిన నష్టమునకు ఒక డాలరును, పత్రికకును సంపాదకునికిని శిక్షగా 75,000 డాలర్లును నిర్ణయించెను. పై న్యాయస్థానము 1969లో ఈ తీర్పును ఖాయపరచెను. 1970లో సుప్రీంకోర్టు జోక్యము చేసికొనుటకు నిరాకరించెను. ఇద్దరు న్యాయమూర్తులు మాత్రము పత్రికాస్వాతంత్ర్యమునకు ఇది భంగమని భిన్నాభిప్రాయము తెలిపిరి. గోల్డ్‌వాటర్ 1969 నుండి 1987 వరకు మరల సెనేటులో పనిచేసెను.

రెండు షరతులు

ఈ సంఘటన వలన అమెరికా మానసిక వైద్యుల సంఘమునకు తలవంపులైనది. 1973లో ఆ సంఘము తన నీతినియమావళియందు ఒక క్రొత్త నియమమును చేర్చెను. దానినే లోకమున 'గోల్డ్‌వాటర్ నియమము' అందురు. మానసిక వ్యాధులను గూర్చి సామాన్యముగ ప్రజలకు బోధించుటకు వైద్యునికి ఆటంకము లేదు. ఒక వ్యక్తిని పేర్కొని వృత్తిపరమైన అభిప్రాయము చెప్పవలెనన్న రెండు షరతులు తీరవలెను. తాను స్వయముగ ఆ వ్యక్తిని పరీక్షించి యుండవలెను. అభిప్రాయమును ప్రకటించుటకు తగిన అనుమతి యుండవలెను.

ఈ రెండు షరతులు రెండు వేర్వేరు సంగతులను కాపాడుచున్నవి. పరీక్ష యనునది సత్యమును కాపాడును. అనుమతి యనునది వ్యక్తి గౌరవమును కాపాడును. నిదానము తప్పైనప్పుడు అన్యాయము జరుగునని అందరును ఒప్పుకొందురు. నిదానము సరియైనదైనను, అనుమతి లేక దానిని వీథిలో చాటుట కూడ అన్యాయమే. ఈ రెండవ సంగతిని జనులు తరచుగ మరచెదరు.

నియమమునకు ఎదురువాదము లేకపోలేదు. దేశమునకు ఆపద కలిగింపగల అధికారిని గూర్చి, తెలిసినవారు నోరు మూసికొనుట ధర్మమా అని కొందరు అడుగుదురు. 2017లో అధ్యక్షుడు ట్రంపును గూర్చి 27 మంది మానసిక నిపుణులు కలిసి ఒక గ్రంథమునే ప్రకటించిరి. వైద్యుల సంఘము అదే సంవత్సరము తన నియమమును మరల దృఢపరచెను. ఈ వాదము తెగలేదు. ఒక్క సంగతి మాత్రము స్పష్టము. పాలకుని మాటలను, చేతలను విమర్శించుటకు వ్యాధి పేరు అవసరము లేదు. అబద్ధమును అబద్ధమనవచ్చును; క్రౌర్యమును క్రౌర్యమనవచ్చును. చేత నలుగురికి కనబడునది, వాదింపదగినది. వ్యాధి పేరు పెట్టినంతనే వాదము ముగియును. పైగా ఆ వ్యాధితో నిజముగ బాధపడుచు నెమ్మదిగ బ్రతుకువారి పేరు తిట్టుగా మారిపోవును.

చూచినది సగము, ఊహించినది సగము

దూరమునుండి చూచువాడు ఏల పొరబడును? 1967లో డ్యూక్ విశ్వవిద్యాలయమున జోన్స్, హారిస్ అను ఇద్దరు దీనిని పరిశోధించిరి. క్యూబా నాయకుడైన కాస్ట్రోను సమర్థించుచు వ్రాసిన వ్యాసములను కొందరికి, ఖండించుచు వ్రాసినవానిని కొందరికి చదువనిచ్చిరి. ఏ పక్షమున వ్రాయవలెనో రచయితకు ఇతరులే నిర్ణయించిరని ముందుగనే చెప్పినప్పుడు కూడ, పాఠకులు ఆ వ్రాత రచయిత నిజమైన అభిప్రాయమేయని కొంతవరకు నమ్మిరి. పరిస్థితిని మరచి స్వభావమునే కారణముగ తలచు ఈ పొరపాటునకు 1977లో లీ రాస్ 'మౌలికారోపణ దోషము' అను అర్థము గల పేరు పెట్టెను.

ఇంటర్నెట్టునందు ఈ దోషము మరింత బలపడును. కోపముతో వ్రాసిన ఒక వాక్యము కనబడును; ఆ దినమున ఆ వ్యక్తి ఇంట జరిగిన మరణము కనబడదు. నవ్వుచున్న ఫొటో కనబడును. దానిని పెట్టకముందు తీసివేసిన పది ఫొటోలు కనబడవు.

యంత్రము చెప్పు సాముద్రికము

ఇటీవలి కాలమున ఈ పనిని కంప్యూటర్లు చేపట్టినవి. 2013లో కొసిన్‌స్కీ, స్టిల్‌వెల్, గ్రేపెల్ అను ముగ్గురు, తమంతట తాము సమాచారమిచ్చిన 58,000 పైచిలుకు మంది ఫేస్‌బుక్కులో 'లైకు' చేసిన విషయములను మాత్రమే తీసికొని వారి గుణములను అంచనా వేసిరి. అమెరికాలోని రెండు పెద్ద పార్టీలలో ఒక్కొక్కదానినుండి ఒక్కొక్కని తీసి జతగా ఇచ్చినచో, ఎవడే పార్టీవాడో నూటికి 85 జతలలో యంత్రము సరిగ చెప్పగలిగెను. వంకీలు తిరిగిన బంగాళాదుంప వేపుడును మెచ్చుకొనుట అధిక మేధకు ఒక గుర్తుగ తేలుట అందలి వింతలలో నొకటి. వేపుడు తిన్నందువలన మేధ రాదు. ఆ సమూహమున ఆ రెండును కలిసి కనబడినవి, అంతియే.

మూర్తిమత్వము విషయమున యంత్రపు బలము తక్కువ. నూతన విషయములయందు ఆసక్తి అను గుణమునకు అంచనాకును సత్యమునకును గల సహసంబంధ గుణకము 0.43. దీని వర్గము సుమారు 0.18. అనగా మనిషికిని మనిషికిని గల తేడాలలో అయిదింట ఒకవంతు కన్న తక్కువ భాగమునే ఆ అంచనా వివరింపగలిగినది. 2015లో 86,220 మందిపై జరిగిన మరియొక పరిశోధనలో యంత్రపు గుణకము 0.56, మిత్రుల అంచనాల గుణకము 0.49 వచ్చినవి. మనిషిని మిత్రుని కన్న యంత్రమే బాగుగ ఎరుగునని పత్రికలు చాటినవి. కాని ఆ అంచనాలను సరిచూచిన గీటురాయి ఏది? ఆ వ్యక్తులే ఒక ప్రశ్నపత్రమునకు తమనుగూర్చి తాము ఇచ్చిన జవాబులు. యంత్రపు విద్యకు కూడ కడపటి ప్రమాణము మనిషిని అడిగి తెలిసికొనుటయే.

అడుగక తీసికొనినప్పుడు ఏమి జరుగునో 2018లో లోకమునకు తెలిసినది. సుమారు 2,70,000 మంది ఒక మూర్తిమత్వ పరీక్షాయాప్‌ను వాడగా, వారి మిత్రుల సమాచారము కూడ దానిద్వారా బయటికి పోయినది. కేంబ్రిడ్జ్ అనలిటికా అను ఎన్నికల సంస్థ చేతికి దాదాపు 8 కోట్ల 70 లక్షల మంది వివరములు చేరియుండవచ్చునని ఫేస్‌బుక్కు ఒప్పుకొనెను. మన దేశమున ఆ యాప్‌ను పెట్టుకొనినవారు 335 మంది; సమాచారము పోయియుండవచ్చునన్నవారు సుమారు 5,62,000 మంది. వీరిలో అత్యధికులను ఎవరును ఏ ప్రశ్నయు అడుగలేదు.

ఒక చిన్న లెక్క

నూటికి 90 పాళ్లు సరిగ చెప్పు యంత్రమున్నచో తప్పేమి యని విద్యార్థులు అడుగవచ్చును. వెయ్యిమంది విద్యార్థులు కలరనియు, వారిలో 20 మందికి నిజముగ మానసిక వ్యాధి కలదనియు అనుకొనవచ్చును. ఆ యంత్రము 20 మందిలో 18 మందిని పట్టును, ఇద్దరిని విడుచును. మిగిలిన 980 మందిలో నూటికి పదిమంది చొప్పున 98 మందిని పొరపాటున రోగులనును. వెరసి 116 మందికి ముద్ర పడును. అందు నిజమైన రోగులు 18 మందే. అనగా నూటికి పదునారుగురైన లేరు. తక్కిన 98 మంది నిర్దోషులు ఆ ముద్రను మోయవలెను. వ్యాధి అరుదైన కొలది ఈ తప్పు పెరుగును. సెల్‌ఫోను చూచి ఊహించు మనిషి తీర్పులో నూటికి 90 పాళ్ల నికరము కూడ లేదు.

చట్టము, తరగతి గది

మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఈ విషయమున స్పష్టముగ నున్నది. చికిత్సకు గాని, చట్టములు పేర్కొన్న ఇతర కార్యములకు గాని తప్ప, ఏ వ్యక్తియు ఏ అధికారియు మరియొకరిని మానసిక రోగియని వర్గీకరింపరాదు. సమాజపు నీతికో, రాజకీయాభిప్రాయమునకో ఒదుగనంత మాత్రమున వ్యాధియని నిర్ణయింపరాదు. అదే సంవత్సరము ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, ఆంతరంగికత పౌరుల ప్రాథమిక హక్కని తీర్పు చెప్పెను. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, 18 ఏండ్ల లోపు పిల్లల ప్రవర్తనను సంస్థలు వెంబడించి కనిపెట్టుటను నిషేధించు నిబంధన కలిగియున్నది.

తరగతి గదిలో చట్టము కన్న అలవాటే ఎక్కువ పనిచేయును. ఒక విద్యార్థి నిరాశతో కూడిన మాటలు వ్రాయుట కంటబడినచో, చూడనట్లు ఊరకుండుట ధర్మము కాదు. వ్యాధి పేరు పెట్టి నలుగురికి చెప్పుటయు ధర్మము కాదు. ఆ పిల్లవానిని ఏకాంతముగ పిలిచి, "ఏమి బాబూ, ఎట్లున్నావు?" అని అడిగి, అతడు చెప్పునది తుదివరకు వినుట ఉపాధ్యాయుని పని. నిదానము చేయుట వైద్యుని పని. 2022 అక్టోబరులో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యద్వారా ఎవరైనను ఉచితముగ ఫోను చేయవచ్చును.

1964లో జవాబు వ్రాసిన వైద్యులలో 1,189 మందిని పత్రిక ముఖపత్రమున కెక్కించినది. తమకు చాలినంత తెలియదని వ్రాసిన 571 మంది లోపలి పుటలలో మరుగుపడిరి. తెలియనప్పుడు తెలియదని చెప్పుట శాస్త్రజ్ఞుని మొదటి లక్షణము. ఆనాడు ఆ లక్షణమును నిలుపుకొని, ఆ మాటను కాగితముపై పెట్టి పంపినవారు ఆ 571 మందియే.